నెస్సీ ఫోటోలన్నీ ఫేకేనా? డార్క్ రూంలో ముప్పై ఏళ్లు గడిపినవాడి జవాబు

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నాకు అర్థమైంది ఇది. స్కాట్లాండ్‌లో చదువుకుంటున్న మీ మేనల్లుడు అర్కర్ట్ కోట దగ్గర నిలబడి నెస్ సరస్సు ఫోటో ఒకటి తీసి వాట్సాప్‌లో పంపాడు. నీళ్ల మీద నల్లగా మూడు మూపురాల్లాంటివి కనిపిస్తున్నాయి. దాంతో ఇంట్లో వాదన మొదలైంది. "1934 నాటి ఆ పెద్ద ఫోటోనే ఫేక్ అని ఒప్పుకున్నారు, ఇంక మిగతావన్నీ అంతే" అని మీరు. "ఒకటి ఫేకైతే అన్నీ ఫేకవుతాయా? అమెరికాలో ఇలాంటి ఫోటోనే ల్యాబ్‌లో పరీక్షించి ఏ మార్పూ చెయ్యలేదని తేల్చారు కదా" అని మీ బావగారు. ఎవరిది కరెక్ట్ అని అడిగారు.

నెస్సీ, అంటే నెస్ సరస్సులో ఉందని చెప్పుకునే ఆ రాక్షసి జంతువు, లేదనే నా అభిప్రాయం, అది ముందే చెప్పేస్తున్నాను. కానీ మీ ఇద్దరి వాదనలో మాత్రం మొదటి మాట మీ బావగారిదే సరైనది. దొంగనోటు ఒకటి దొరికిందని జేబులో ఉన్న నోట్లన్నీ చించెయ్యం కదా. ఒక్కో ఫోటోని విడిగానే చూడాలి. ఇక ఆయన రెండో మాట, ల్యాబ్ సంగతి, పూర్తిగా తప్పుదారి. "మార్పులు చెయ్యని ఫోటో" అంటే "అందులో ఉన్నది నిజం" అని ఆయన అనుకుంటున్నారు. నా అనుభవంలో ఈ రెండింటికీ ఏ సంబంధమూ లేదు.

ఎందుకో చెప్పే ముందు నా గురించి రెండు మాటలు. మాది రాజమండ్రిలో ఫోటో స్టూడియో. ట్రేలు కడగడంతో మొదలుపెట్టి, డిజిటల్ వచ్చేదాకా డార్క్ రూంలోనే బతికాను. ఇప్పుడంతా కంప్యూటర్ మీదే, మా అబ్బాయి చూసుకుంటున్నాడు. పెళ్లిసంబంధాలకి పంపే ఫోటోల్లో మొహం మీది మచ్చని, నెగెటివ్ మీద పెన్సిల్ మొనతో చుక్కలు పెట్టి మాయం చేసేవాళ్లం. దాన్ని టచింగ్ అనేవాళ్లం. అది తెలిసిన మోసం. భూతద్దం పెట్టి చూస్తే దొరికిపోతుంది. దొరకని మోసం వేరే ఉంది.

ఒకసారి గోదావరి వరదలప్పుడు ఒక విలేకరి ఫిల్ము రోలు పట్టుకొచ్చాడు. అందులో ఒక ఫ్రేము: ఒకాయన తల మీద మూట పెట్టుకుని రోడ్డు పక్క పల్లంలో నడుం దాకా నీళ్లలో ఉన్నాడు. అదే ఫ్రేములో ఎడమ వైపు, రోడ్డు మీద ఇంకొకడు హాయిగా సైకిలు తొక్కుకుంటూ పోతున్నాడు. చక్రం నాలుగు వేళ్లు కూడా మునగలేదు. "ఆ సైకిలు తీసేసి వెయ్యండి గురువుగారూ" అన్నాడు. నెగెటివ్‌ని పెద్దది చేసి ప్రింట్ వేసే ఎన్‌లార్జర్ తల పైకి జరిపి మధ్య ముక్క వరకే ప్రింట్ వేశాను. సముద్రం మధ్యలో మనిషి చిక్కుకుపోయినట్టు వచ్చింది. మర్నాడు పేపర్లో చూసుకుని కాస్త సిగ్గుపడ్డాను. నెగెటివ్‌ని నేను గోరుతో కూడా తాకలేదు. దాన్ని ఏ ల్యాబ్‌కి పంపినా "మార్పులేమీ లేవు" అనే రిపోర్ట్ వస్తుంది. రిపోర్ట్ కూడా కరెక్టే.

1934 ఫోటోకి జరిగింది దాదాపు ఇదే.

ఆ కథ మీకు ముక్కలుగా తెలిసినట్టుంది, వరసగా చెప్తాను. 1933లో నెస్ సరస్సు ఒడ్డునే కొత్త రోడ్డు వచ్చింది. ఆ ఏడాది మే నెలలో ఇన్వర్నెస్ ఊరి పత్రికలో, ఒక జంటకి నీళ్లలో పెద్ద జంతువు కనిపించిందని వార్త పడింది. లండన్ పత్రికలు ఎగబడ్డాయి. డెయిలీ మెయిల్ వాళ్లు మార్మడ్యూక్ వెథరెల్ అనే వేటగాణ్ణి పంపారు. డిసెంబరులో ఆయన ఒడ్డున పెద్ద పెద్ద అడుగుజాడలు కనిపెట్టాడు. వాటి అచ్చులు లండన్ మ్యూజియానికి వెళ్లాయి. అవి నీటిగుర్రం పాదాలవని వాళ్లు తేల్చారు, అదీ అన్నీ ఒకే కాలివి! నీటిగుర్రం ఎండు కాలిని గొడుగులు పెట్టుకునే స్టాండుగా చేసి ఇళ్లలో పెట్టుకునేవాళ్లు అప్పట్లో. అలాంటిదాన్నే ఎవరో నేల మీద అద్దారు. వెథరెల్ నవ్వులపాలయ్యాడు.

కొన్ని నెలలకి, 1934 ఏప్రిల్ 21న, అదే డెయిలీ మెయిల్‌లో ఆ ఫోటో వచ్చింది. నీళ్లలోంచి హంస మెడలా లేచిన పొడవాటి మెడ, చిన్న తల. తీసింది తనేనన్నాడు రాబర్ట్ కెన్నెత్ విల్సన్ అనే లండన్ డాక్టరు, స్త్రీ వైద్య నిపుణుడు. తన పేరు పెట్టొద్దన్నాడు కాబట్టి "సర్జన్ ఫోటో" అనే పేరు స్థిరపడిపోయింది. డాక్టరుగారు అబద్ధం చెప్తాడా అనేదే అరవై ఏళ్లపాటు దానికి పెద్ద సాక్ష్యం. మనకి కొత్తేం కాదు కదా, తెల్లకోటు వేసుకున్నాయన చెప్తే మనమూ ఎదురు ప్రశ్న వెయ్యం.

1994లో అసలు సంగతి బయటపడింది. వెథరెల్ సవతి కొడుకు క్రిస్టియన్ స్పర్లింగ్ చివరి రోజుల్లో, ఇద్దరు పరిశోధకులకి కథంతా చెప్పాడు. దుకాణంలో కొన్న బొమ్మ సబ్‌మెరైన్. దాని మీద ప్లాస్టిక్ వుడ్ అనే ముద్దతో మలిచిన తల, మెడ. అన్నీ కలిపి అడుగు ఎత్తు. ఒడ్డు దగ్గర తేలించి, వెథరెల్ సొంత కొడుకు ఇయాన్ ఫోటోలు తీశాడు. ఆ నెగెటివ్ ప్లేట్లు మధ్యవర్తి ద్వారా డాక్టరుకి చేరాయి. పరువు పోయిన వేటగాడు పత్రిక మీద కక్ష తీర్చుకున్నాడన్నమాట. ఫోటోలు తీశాక ఎవరో వస్తున్న చప్పుడైతే, వెథరెల్ కాలితో ఆ బొమ్మని నీళ్లలోకి తొక్కేశాడట. అది ఇప్పటికీ అడుగున ఉండాలి.

ఇక్కడ మీరొకటి గమనించాలి. మీరు "ఒప్పుకున్నారు" అన్న మాటని బ్రహ్మాస్త్రంలా వాడుతున్నారు. ఒప్పుకోలు కూడా ఒక మనిషి చెప్పిన మాటే. అరవై ఏళ్ల తర్వాత, ముసలితనంలో చెప్పిన మాట. "నేను చూశాను" అన్నవాణ్ణి నమ్మనప్పుడు, "నేను చేశాను" అన్నవాణ్ణి గుడ్డిగా నమ్మడమేంటి? నెస్సీ అభిమానులు సరిగ్గా ఈ ప్రశ్నే వేశారు, వేసే హక్కు వాళ్లకుంది. నేను స్పర్లింగ్‌ని నమ్మడానికి కారణం అతని మాట ఒక్కటే కాదు. ఇయాన్ వెథరెల్ 1975లోనే ఒక లండన్ పత్రికకి బొమ్మ సబ్‌మెరైన్ సంగతి చెప్పేశాడు, అప్పుడెవరూ పట్టించుకోలేదు. అంతకన్నా ముఖ్యం, ఫోటో తనంతట తానే ఆ మాట చెప్తోంది.

అందరికీ తెలిసిన సర్జన్ ఫోటోలో మెడ ఫ్రేము నిండా ఉంటుంది, వికీపీడియాలో, టీషర్టుల మీద, కాఫీ కప్పుల మీద ఉన్నది అదే. అది కోసిన ముక్క. పూర్తి ఫ్రేము చూస్తే గుండె నీరుగారిపోతుంది. విశాలమైన నీళ్లు, మధ్యలో ఇంతే ఒక చిన్న వస్తువు, చుట్టూ సన్న సన్న అలలు. స్టూవర్ట్ క్యాంప్‌బెల్ అనే ఆయన 1984లోనే బ్రిటిష్ జర్నల్ ఆఫ్ ఫోటోగ్రఫీలో లెక్క కట్టి, ఆ వస్తువు రెండుమూడు అడుగులకి మించదని రాశాడు. ఒప్పుకోలు బయటికి రావడానికి పదేళ్ల ముందు! 1987లో పాల్ లెబ్లాండ్ అనే సముద్ర శాస్త్రవేత్త, తోటి పరిశోధకుడితో కలిసి, అలల్ని బట్టి మెడ ఎత్తు 1.2 మీటర్లని అంచనా వేశాడు. రెండు లెక్కలకీ తేడా ఉంది, అసలు బొమ్మ ఈ రెండింటికన్నా చిన్నది. కానీ రెంటిలో ఏ లెక్క తీసుకున్నా పత్రిక వేసిన "రాక్షసి" మాత్రం రాదు.

అలలతో కొలవడం అంటే ఏంటో మా వృత్తి వైపు నుంచి చెప్తాను. పాత పౌరాణిక సినిమాల్లో ఓడ మునిగే సీను వస్తే చిన్నప్పుడే పట్టేసేవాళ్లం కదా, "తొట్టిలో తీశారురా" అని. ఎలా పట్టేశాం? ఓడని ఎంత చిన్నగా అయినా చెయ్యొచ్చు గానీ, నీటిచుక్కని చిన్నది చెయ్యలేం. అలకి తన సైజుని బట్టి ఒక పోలిక ఉంటుంది. సెంటీమీటరు, సెంటీమీటరున్నర అలల్ని నడిపేది నీటి ఉపరితలం మీద ఉండే బిగువు. మీటరు పొడవు అలల్ని నడిపేది బరువు. చిన్న అల గుండ్రంగా, మెత్తగా ఉంటుంది. దాన్ని ఎంత ఎన్‌లార్జ్ చేసినా పెద్ద అలలా ఉండదు. సర్జన్ ఫోటో చూసి "ఇదేదో తొట్టిలో ఉన్నట్టుంది" అని మీ మనసుకి ఎప్పుడైనా అనిపించి ఉంటే, మీ కన్ను చేసిన లెక్క ఇదే.

ఇప్పుడు మీ బావగారి అమెరికా ఫోటో. ఆయన చెప్తున్నది మాన్సీ ఫోటో అయ్యుండాలి. న్యూయార్క్, వెర్మాంట్ రాష్ట్రాల మధ్య, ఉత్తరాన కెనడాలోకి కూడా వెళ్లే ఛాంప్లేన్ సరస్సు ఉంది. అక్కడి వింతజీవిని ముద్దుగా "ఛాంప్" అంటారు. 1977 జూలైలో ఒక కుటుంబం ఒడ్డున ఆగినప్పుడు నీళ్లలోంచి ఏదో లేచిందని, ఆ ఇంటావిడ సాండ్రా మాన్సీ మామూలు కొడాక్ ఇన్‌స్టామాటిక్ కెమెరాతో ఫోటో తీసింది. 1981లో న్యూయార్క్ టైమ్స్‌లో వచ్చింది. చాలా అందమైన ఫోటో, నిజంగా. నల్లటి మెడ, పక్కకి తిరిగిన తల, వెనక మూపురం, దూరంగా అవతలి ఒడ్డు. సర్జన్ ఫోటోలా కృతకంగా అనిపించదు. అరిజోనా యూనివర్సిటీలో ఆప్టిక్స్ నిపుణుడు ప్రింట్‌ని పరీక్షించి, రెండు ఫోటోలు కలిపి అతికించిన గుర్తులేమీ కనపడలేదన్నాడు. ఆ మాట నేనూ నమ్ముతాను. ఆ కుటుంబం అబద్ధం చెప్పిందని కూడా నేననను.

కానీ అడగాల్సినవి అడుగుదాం. నెగెటివ్ ఏది? లేదు. సరిగ్గా ఏ చోట తీశారు? ఆ చోటు మళ్లీ దొరకలేదు. కొన్ని నిమిషాలు కనిపించిందన్నారు కదా, ఇంకో ఫ్రేము ఏది? ఒక్కటే తీశారు. అదీ దెబ్బ. నెగెటివ్ ఉంటే కోసినదీ కొయ్యనిదీ తేలుతుంది, రోల్లో ముందూ వెనకా ఏముందో తెలుస్తుంది. చోటు తెలిస్తే అక్కడ ఎంత లోతో కొలవచ్చు. రెండో ఫ్రేము ఉంటే అది కదిలిందో లేదో తెలుస్తుంది. తల తిప్పిందా, మెడ వంచిందా, లేక ఒకే భంగిమలో తేలుతూ పోయిందా? ఒకే భంగిమలో తేలుతూ పోయేవాటిని మనం దుంగలంటాం.

ఈ మాట వెటకారంగా అనడం లేదు. బెంజమిన్ రాడ్‌ఫర్డ్, జో నికెల్ అనే ఇద్దరు సంశయవాదులు 2000ల మొదట్లో ఆ సరస్సుకి వెళ్లి, నీళ్లలో దిగి, కొలత గీతలున్న కర్రని వేర్వేరు దూరాల్లో పెట్టి ఫోటోలు తీసి పోల్చారు. వాళ్ల లెక్కకి ఆ వస్తువు పొడవు సుమారు రెండు మీటర్లు. అంతకుముందు, 1982లో, పైన చెప్పిన లెబ్లాండే ఈ ఫోటోకీ అలల లెక్క కట్టి 4.8 నుంచి 17.2 మీటర్ల మధ్య అన్నాడు. ఆ అంకెలు మళ్లీ చూడండి. కారు నుంచి లారీ దాకా! ఆ రోజు గాలి ఎంతో తెలీదు, ఊహించాలి. గాలిని బట్టి అల, అలని బట్టి వస్తువు. పునాదిలోనే ఊహ ఉంటే మేడ ఎంత ఊగుతుందో ఇది చూపిస్తుంది. రాడ్‌ఫర్డ్ అంచనా, అది మొదలంటా ఊడి తేలిన చెట్టు మోడు అని. నాకు సబబుగానే తోస్తోంది, రుజువైందని మాత్రం అనను. నెగెటివ్ లేనప్పుడు అటూ ఇటూ ఎవరూ రుజువు చెయ్యలేరు.

సైజు విషయంలో ఇంకాస్త ఆగుతాను, ఎందుకంటే ఇలాంటి వాదనల్లో నూటికి తొంభై ఇక్కడే పాడవుతాయి. నీళ్ల మీద స్కేలు ఉండదు. రోడ్డు మీదైతే కరెంటు స్తంభమో, గేదో, ఆటోనో ఉంటుంది, కన్ను పోల్చుకుంటుంది. ఉత్త నీళ్ల మీద పదడుగుల దూరంలో ఉన్న బాతు, వందడుగుల దూరంలో ఉన్న పడవ ఫోటోలో ఒకే సైజులో రావచ్చు. దూరం తెలుసుకోవడానికి ఒక దారుంది. కెమెరా నీటిమట్టానికి ఎంత ఎత్తులో ఉందో తెలిస్తే, వస్తువు నీటిని తాకే చోటు దిగంతం గీతకి ఎన్ని డిగ్రీలు కిందుందో చూసి దూరం కట్టొచ్చు. కెమెరా 2 మీటర్ల ఎత్తులో, వస్తువు ఒక డిగ్రీ కింద ఉంటే దూరం సుమారు 115 మీటర్లు. ఫోటోలో అది అర డిగ్రీ వెడల్పుంటే, అసలు వెడల్పు మీటరు. ఇప్పుడు తీసినాయన "నేను గట్టు మీద నిలబడ్డాను, 6 మీటర్లుంటుంది" అన్నాడనుకోండి. దూరం మూడింతలు, వస్తువు మూడింతలు. నోటిమాట ఒక్కదాంతో బాతు పడవైపోయింది. పైగా నెస్ సరస్సులో నిజమైన దిగంతం కనపడదు, అవతలి కొండలు అడ్డం. అందుకే ఎక్కడ నిలబడ్డావు, ఏ రాయి మీద నిలబడ్డావు అని పీకుడు ప్రశ్నలు వేస్తారు. అది చాదస్తం కాదు.

"ల్యాబ్" అనే మాటకి ఇంకో ముఖం కూడా ఉంది, రాబర్ట్ రైన్స్ ఫోటోలు. ఈయన అమెరికన్ లాయరు, పెద్ద చదువరి, నిజాయితీపరుడనే పేరు. 1972 ఆగస్టులో నీళ్ల కింద కెమెరా, ఫ్లాష్ లైటు పెట్టి, సోనార్‌లో (శబ్దం పంపి నీళ్ల కింద ఉన్నవాటిని పసిగట్టే పరికరం) ఏదో కదిలిన సమయానికే ఫ్రేములు పట్టాడు. నెస్ నీళ్లు చిక్కటి టీ డికాషన్‌లా ఉంటాయి, చుట్టూ ఉన్న పీట్ నేలల (మొక్కలు కుళ్లి ఏర్పడిన నేలల) మట్టి వల్ల. కొన్ని మీటర్లు దాటితే ఏమీ కనపడదు. ఆ ఫ్రేముల్లోనూ మసకే. వాటిని నాసాకి చెందిన జెట్ ప్రొపల్షన్ ల్యాబొరేటరీలో కంప్యూటర్‌తో తేటపరిచారు. తర్వాత పత్రికల్లో వచ్చిన ఫోటోలో వజ్రం ఆకారంలో చక్కటి తెడ్డు రెక్క! ప్రపంచమంతా "నాసా కంప్యూటర్ చూపించింది" అనుకుంది. 1980ల మధ్యలో ఇద్దరు పరిశోధకులు, ఆ ల్యాబ్ నుంచి వచ్చిన అసలు ప్రతినీ, పత్రికల్లో అచ్చయినదాన్నీ పక్కపక్కన పెట్టారు. ల్యాబ్ ప్రతిలో అంత స్పష్టమైన రెక్క లేదు. మధ్యలో ఎవరి చేతిలోనో టచింగ్ జరిగిందనే అనుమానం. ల్యాబ్ తప్పు చెప్పలేదు, ల్యాబ్ చెప్పింది జనానికి చేరలేదు.

ఆ రెక్క ఆధారంగానే 1975 డిసెంబరులో రైన్స్, ప్రసిద్ధ ప్రకృతి శాస్త్రవేత్త సర్ పీటర్ స్కాట్ కలిసి నేచర్ అనే సైన్స్ పత్రికలో నెస్సీకి శాస్త్రీయ నామం పెట్టేశారు: నెస్సిటెరాస్ రాంబోప్టెరిక్స్. చట్టప్రకారం రక్షణ కావాలంటే పేరుండాలి కదా అని. ఒక స్కాటిష్ ఎంపీ ఆ అక్షరాల్ని తారుమారు చేసి "సర్ పీటర్ ఎస్ చేసిన రాక్షసి మోసం" అనే అర్థం వచ్చే ఇంగ్లీషు వాక్యం లాగాడు. రైన్స్ ఊరుకున్నాడా? అవే అక్షరాలతో "అవును, రెండు ఫోటోలూ రాక్షసులవే, ఆర్" అని తిప్పికొట్టాడు. మన అవధానాల్లో కూర్చోబెట్టాల్సిన మనుషులు. 1975లోనే రైన్స్ తీసిన ఇంకో ఫోటోలో, కొమ్ములున్న వికారమైన తల కనిపించిందన్నారు. 1987లో ఆ ప్రాంతంలోనే అడుగున, అచ్చం అదే పోలికలో చెట్టు మోడు ఒకటి దొరికింది.

మన వైపువాళ్ల తప్పులు కూడా చెప్పుకోకపోతే న్యాయం కాదు. సర్జన్ ఫోటో గురించి ఒప్పుకోలు రాకముందు సంశయవాదులు ఏమన్నారు? నీటికుక్క తోక అన్నారు, మునిగే పక్షి అన్నారు, చెట్టు కొమ్మ అన్నారు. ఒక్కరూ బొమ్మ సబ్‌మెరైన్ అనుకోలేదు! 1933 నవంబరులో హ్యూ గ్రే అనే ఆయన తీసిన ఫోటో చూడండి. మసక మసకగా ఏదో పాములా నీళ్లలో. ఎవరో దాన్ని "నోట్లో కర్ర పట్టుకుని ఎదురుగా ఈదుతున్న లాబ్రడార్ కుక్క" అన్నారు. అంతే, ఆ మాట విన్నాక కుక్క తప్ప ఇంకేం కనపడదు, కళ్లూ ముక్కూ అన్నీ కనిపిస్తాయి. నెస్సీ అంటే నెస్సీ కనపడింది, కుక్క అంటే కుక్క కనపడుతోంది. ఆ ఫ్రేములో రెండింటికీ సరిపడా వివరం లేదన్నదే నా మాట. "ఇది ఏదో తెలీదు" అనడం ఓటమి కాదు. తెలీనిదానికి నెస్సీ అని పేరు పెట్టడం ఎంత తొందరో, కుక్క అని పేరు పెట్టడం కూడా అంతే.

అటువైపు మెచ్చుకోవాల్సిన మనిషి టిమ్ డిన్స్‌డేల్. 1960 ఏప్రిల్ 23న, దూరంగా నీళ్లలో సాగిపోతున్న మూపురాన్ని సినిమా కెమెరాతో పట్టాడు. తర్వాత ఆయన చేసిన పనే గొప్పది. అదే చోట నుంచి ఒక పడవని నడిపించి, పోలిక కోసం దాన్నీ తీశాడు. 1966లో బ్రిటన్ వైమానిక దళపు ఫోటో నిపుణులు చూసి, అది బహుశా ప్రాణమున్నదే కావచ్చన్నారు. తర్వాత పెద్దవి చేసి చూసినవాళ్లు, మూపురం వెనక మనిషి కూర్చునే చోట ఒక తెల్లటి మచ్చని చూపించి, అది మోటారు పడవే అన్నారు. నేను ఆ మాటకే మొగ్గుతాను. కానీ పోలిక కోసం రెండోసారి తియ్యాలన్న బుద్ధి పుట్టినవాడికి నేను టోపీ తీస్తాను. సరస్సు వింతజీవుల ఫోటోలు తీసినవాళ్లలో అలా చేసినవాళ్లు అరుదు.

ఫోటోలు పక్కన పెట్టి మిగతా సాక్ష్యం అడిగితే, ఒక్క పేరాలో ముగిస్తాను. ఆ సరస్సు సుమారు పది వేల ఏళ్ల కిందటి దాకా మంచు కింద ఉంది, కాబట్టి డైనోసార్ల కాలపు జీవి అక్కడే దాక్కుని బతికిందనడం కుదరదు. 1987లో ఇరవైకి పైగా పడవలు వరసకట్టి సోనార్‌తో గాలించాయి. 2003లో బీబీసీ 600 సోనార్ కిరణాలతో వెతికింది. 2018లో న్యూజిలాండ్ శాస్త్రవేత్త నీల్ గెమ్మెల్ బృందం సుమారు 250 నీటి నమూనాల్లో డీఎన్‌ఏ వెతికితే, సరీసృపాలది లేదు, ఈల్ చేపలది మాత్రం బోలెడంత ఉంది. 2016లో సోనార్ రోబోకి అడుగున నిజంగానే పొడవాటి మెడ దొరికింది! తీరా చూస్తే అది 1970 నాటి షెర్లాక్ హోమ్స్ సినిమా షూటింగ్‌లో మునిగిపోయిన తొమ్మిది మీటర్ల బొమ్మ.

ఇక మీ మేనల్లుడి ఫోటో. ఆ సరస్సు పొడవు దాదాపు 37 కిలోమీటర్లు, వెడల్పు కిలోమీటరున్నర, లోతు 230 మీటర్లు. రెండు పక్కలా కొండలు నిటారుగా నీళ్లలోకి దిగుతాయి. మీరు పాపికొండల లాంచీ ఎక్కే ఉంటారు. ఇరుకు చోట ఇంకో లాంచీ ఎదురై వెళ్లిపోయాక, నీళ్లు నిమ్మళించాయనుకునే సమయానికి, ఎక్కడి నుంచో మూడు నాలుగు అలలు వరసగా వచ్చి పడవని ఊపుతాయి. లాంచీ అప్పటికి మలుపు తిరిగి కనపడదు. అల కొండని కొట్టుకుని వెనక్కొస్తుంది, వచ్చే అలా పోయే అలా కలిసినచోట నీరు ఉబ్బుతుంది. పక్క నుంచి ఎండ పడితే ఆ ఉబ్బుకి ఒక వైపు నల్లగా కనిపిస్తుంది. నెస్ సరస్సు కాలువ మార్గంలో భాగం, రోజూ పడవలు తిరుగుతాయి. ఒకే ఎత్తులో, సమాన దూరంలో ఉన్న మూడు మూపురాలంటే నాకు మొదట గుర్తొచ్చేది అదే. జంతువుకి మూపురాలు అంత కొలిచినట్టు ఉండవు.

అయినా మీరు పంపిన దాన్ని చూసి తీర్పు చెప్పను. అది వాట్సాప్‌లో నలిగిన కాపీ, పైగా అంచులు చూస్తే స్క్రీన్‌షాట్‌లా ఉంది. జూమ్ చేసి తీస్తే ఫోను తనకి తెలీని వివరాన్ని తనే నింపుతుంది, అది మా టచింగ్ కంటే ఘోరం. అబ్బాయికి ఫోన్ చేసి ఇవి అడగండి: అసలు ఫైలు మెయిల్లో పంపమనండి, కొయ్యకుండా. దానికి ముందు తీసినవీ, తర్వాత తీసినవీ, బాగా రానివి కూడా డిలీట్ చెయ్యకుండా పంపమనండి. కోటలో బురుజు మీద నిలబడ్డాడా, కింద నీళ్ల ఒడ్డున నిలబడ్డాడా కనుక్కోండి. ఫోటోకి పది పదిహేను నిమిషాల ముందు టూరిస్టు పడవ ఏదైనా వెళ్లిందేమో కూడా. అతన్ని ఎగతాళి చెయ్యకండి, మీ బావగారి ముందు అసలు చెయ్యకండి. ఫైళ్లు వచ్చాక ఇక్కడే పెట్టండి, మా అబ్బాయి మానిటర్ మీద పెద్దవి చేసుకుని కూర్చుంటాను.